చేతులు మారిన మోడల్ గుర్రాన్ని సేకరణలో చేర్చుకోవడం: ఎంపిక నుంచి అలమర వరకు సమగ్ర మార్గదర్శి

మోడల్ గుర్రాలు, అంటే నిజమైన గుర్రాల చిన్న నమూనా బొమ్మలు, సేకరించేవారు ఏదో ఒక రోజు పాత గుర్రాల వైపు చూడక తప్పదు. తయారీదారులు ఒక అచ్చును కొన్నేళ్లు వాడి పక్కన పెట్టేస్తారు, ఒక రంగును కొద్దికాలమే వేస్తారు. ఆ తర్వాత అవి మరొకరి దగ్గర కొనుక్కుంటేనే దొరుకుతాయి. అలా వచ్చే గుర్రంతో పాటు రంగు రాలిన చెవి కొన, ఎవరో పూసిన రంగు, పొగాకు వాసన, కొన్నిసార్లు లోలోపలే పాడవుతున్న ప్లాస్టిక్ కూడా వస్తాయి. అందువల్ల డబ్బు చెల్లించే ముందు గుర్రాన్ని నిశితంగా పరీక్షించడమూ, ఇంటికి వచ్చిన వెంటనే దానిని మిగతా గుర్రాల మధ్య నిలబెట్టకుండా కొంతకాలం వేరుగా ఉంచడమూ చాలా అవసరం. ధర గురించి పడే ఆరాటంలో సగమైనా ఈ రెండింటి మీద పెడితే సేకరణ క్షేమంగా ఉంటుంది.

మొదటి మెట్టు: ఎందుకోసం కొంటున్నారో తేల్చుకోండి

అలమరలో చూసుకోవడానికి కొనే గుర్రానికి గిట్ట అంచున చిన్న రాపిడి ఉన్నా నష్టం లేదు. మోడల్ గుర్రాల ప్రదర్శన పోటీలకు పంపాలనుకుంటే ఆ రాపిడే బహుమతిని దూరం చేస్తుంది. రంగు తీసేసి, కాళ్లూ మెడా మలిచి కొత్త రూపం ఇవ్వాలనుకుంటే రంగు ఎంత పోయినా ఫరవాలేదు, శరీరం గట్టిగా ఉంటే చాలు. సేకరించేవారు ఇలాంటి గుర్రాలను ‘బాడీ’ అని పిలుస్తారు, వాటిని తక్కువ ధరకే అమ్ముతారు. ఫ్యాక్టరీ రంగుతో ఉన్నదాన్ని ‘ఒరిజినల్ ఫినిష్’ అనీ, చేతితో మార్చినదాన్ని ‘కస్టమ్’ అనీ, శిల్పి రెజిన్ అనే గట్టిపడే ద్రవంతో పరిమిత సంఖ్యలో పోత పోయించినదాన్ని ‘ఆర్టిస్ట్ రెజిన్’ అనీ అంటారు. ప్రకటన చూసినప్పుడు అది వీటిలో ఏ కోవకు చెందుతుందో ముందు తేల్చుకోండి, ఎందుకంటే అడగవలసిన ప్రశ్నలు దాన్నిబట్టే మారతాయి.

రెండో మెట్టు: పదార్థాన్ని, కొలతను, తయారీదారును గుర్తుపట్టండి

సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లో ఎక్కువగా కనిపించేవి అమెరికాకు చెందిన బ్రేయర్ గుర్రాలు. 1950లో షికాగోలోని బ్రేయర్ మోల్డింగ్ కంపెనీ, మాస్టర్‌క్రాఫ్టర్స్ అనే గడియారాల సంస్థ కోసం, గడియారంతో పాటు అమర్చే ఒక గుర్రాన్ని అచ్చు పోసింది. ఆ అచ్చు తన దగ్గరే ఉండిపోవడంతో గుర్రాన్ని విడిగా అమ్మడం మొదలుపెట్టింది. ‘వెస్టర్న్ హార్స్’ అనే ఆ గుర్రం దశాబ్దాల పాటు తయారవుతూనే వచ్చింది కాబట్టి పాతది అన్నంత మాత్రాన అది అరుదైనది కాదు. అమ్మేవారు ఈ రెండింటినీ తరచుగా కలిపేస్తారు. 1984లో రీవ్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ బ్రేయర్‌ను కొనుగోలు చేసింది. పాత గుర్రాల కాలాన్ని అంచనా వేయడంలో ఈ సంవత్సరం బాగా ఉపయోగపడుతుంది.

బ్రేయర్ కొలతల్లో పెద్దది ‘ట్రెడిషనల్’, అంటే నిజమైన గుర్రంలో తొమ్మిదో వంతు. ‘క్లాసిక్’ పన్నెండో వంతు, 1975లో మొదలైన ‘స్టేబుల్‌మేట్’ ముప్ఫై రెండో వంతు ఉంటాయి. ఫొటోలో ఇవన్నీ ఒకే పరిమాణంలో కనిపించవచ్చు. పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో అడగండి, లేదా గిట్ట నుంచి చెవి కొన వరకు ఎత్తు ఎన్ని సెంటీమీటర్లో అడగండి.

పెద్ద బ్రేయర్ గుర్రాలు ఎక్కువగా సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. 1990ల మధ్యలో పీటర్ స్టోన్ నెలకొల్పిన సంస్థ గుర్రాలు కూడా చూడటానికి వీటికి దగ్గరగా ఉంటాయి. జర్మనీకి చెందిన ష్లైక్ బొమ్మలు మెత్తటి పీవీసీ ప్లాస్టిక్‌తో చేసిన, లోపల బోలు లేని ముద్దలు. ఇంగ్లండ్‌లోని లాంగ్టన్‌లో తయారైన బెస్విక్, కాలిఫోర్నియాలో తయారైన హేగన్-రెనేకర్ గుర్రాలు పింగాణీ జాతివి. ఒక్కో పదార్థం ఒక్కో తీరులో పాడవుతుంది, శుభ్రం చేసే పద్ధతీ వేరు. తయారీదారు పేరు తెలియకపోయినా పదార్థం ఏమిటో తెలిస్తే సగం పని అయినట్టే.

మూడో మెట్టు: ముద్రను చదవండి, కాని ముద్రనే నమ్ముకోకండి

బ్రేయర్ గుర్రానికి వెనక కాలి లోపలి వైపు, తొడ దగ్గర, చిన్న గుండ్రటి ముద్ర ఉంటుంది. 1950ల తొలి గుర్రాలకు అది ఉండదు. గుండ్రటి ముద్రతో పాటు ‘యూఎస్ఏ’ అనే అక్షరాలు కనిపిస్తే దాన్ని 1970 ప్రాంతానికి గానీ, ఆ తర్వాతి కాలానికి గానీ చెందినదిగా భావించవచ్చు. ‘బ్రేయర్ రీవ్స్’ అని ఉంటే అది సంస్థ చేతులు మారాక తయారైనదే. ముద్ర పక్కన సంవత్సరం ఉంటే అది సాధారణంగా శిల్పానికి హక్కు తీసుకున్న సంవత్సరం, ఆ గుర్రం తయారైన సంవత్సరం కాదు. 1975 అని ముద్ర ఉన్న స్టేబుల్‌మేట్ ఆ తర్వాత చాలా ఏళ్లకు తయారై ఉండవచ్చు. ష్లైక్ బొమ్మల పొట్ట కింద ఉండే సంవత్సరాన్ని కూడా ఇదే జాగ్రత్తతో చూడాలి.

అందుకే ముద్రతో పాటు పూతను కూడా చూడాలి. తొలి దశాబ్దాల బ్రేయర్ గుర్రాల్లో నిగనిగలాడే పూత ఎక్కువ, తర్వాత మెరుపు తగ్గిన పూతే మామూలైంది. 1970లలో ప్లాస్టిక్ కొరత వచ్చినప్పుడు దొరికిన రంగు ప్లాస్టిక్‌తోనే అచ్చు పోసి, పైన తెల్లటి పూత వేసి, ఆపైన గుర్రం రంగు వేశారు. వీటిని ‘చాకీ’ అంటారు. పొట్ట మీద లేదా గిట్ట అడుగున చిన్న గీత పడిన చోట తెల్లపొర కింద వేరే రంగు ప్లాస్టిక్ తొంగిచూస్తే అది చాకీ కావచ్చు. ఇలాంటివి కొందరికి ఎంతో ఇష్టం, ధర కూడా పెరుగుతుంది. అయితే ఆ పూత త్వరగా పెచ్చులూడుతుంది కాబట్టి వీటిని కడగడంలో మరింత మృదువుగా ఉండాలి.

నాలుగో మెట్టు: ఫొటోల్లో ఏమి వెతకాలి, ఏమి అడగాలి

చేత్తో పట్టుకుని చూసే వీలుంటే అంతకంటే మంచిది లేదు. ప్రతి జులైలో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో జరిగే బ్రేయర్‌ఫెస్ట్ అనే ఉత్సవం సమయంలో సేకరించేవారు హోటల్ గదుల్లోనే గుర్రాలను పరిచి అమ్ముతారు. అలాంటి చోట ఒక గంట తిరిగితే ఫొటోల నుంచి నేర్చుకోలేనిది చాలా తెలుస్తుంది. మిగతా సందర్భాల్లో, ఈబే అయినా ఫేస్‌బుక్ గ్రూపు అయినా, మన కళ్లకు ఫొటోలే ఆధారం.

రెండు పక్కల నుంచి, ముందు నుంచి, వెనక నుంచి, పొట్ట కింద నుంచి తీసిన ఫొటోలు కావాలి. రెండు చెవులు, నాలుగు గిట్టలు, తోక కొస దగ్గరగా కనిపించాలి. పసుపు వెలుగునిచ్చే దీపం కింద తీసిన ఫొటోలో తెల్ల గుర్రం పసుపు తిరిగిందో లేదో ఎవరూ చెప్పలేరు, కాబట్టి పగటి వెలుగులో తీసినవి అడగండి. ధర ఎక్కువైతే అమ్మేవారి పేరు, ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి తీసిన ఫొటో ఒకటి పంపమనండి. గుర్రం నిజంగా వారి చేతిలో ఉందని అది ధ్రువీకరిస్తుంది. మర్యాదగా అడిగితే నిజాయితీ గల అమ్మకందారు దీన్ని తప్పుగా తీసుకోరు.

ఇక చూపు నిలపవలసిన చోట్లు. గుర్రం శరీరాన్ని రెండు సగాలుగా అచ్చు పోసి అతికిస్తారు కాబట్టి మెడ పైభాగం, రొమ్ము, పొట్ట, తోక వెంబడి ఒక అతుకు గీత ఉంటుంది. ఆ గీత సన్నగా, సమంగా ఉంటే మంచిది. ఎక్కడైనా నోరు తెరిచినట్టు విడిపోయి ఉంటే దెబ్బ తగిలి ఉండవచ్చు, ప్లాస్టిక్ కుంచించుకుపోతూ ఉండవచ్చు. రెండోది చాలా పెద్ద లోపం. చెవి కొనను వెలుగుకు అడ్డంగా పెట్టి చూడమని అమ్మేవారినే అడగవచ్చు. అసలు అంచు పల్చగా, నునుపుగా ఉంటుంది, విరిగి అరగదీసిన అంచు మొద్దుగా ఉండి రెండో చెవి కంటే రవ్వంత పొట్టిగా కనిపిస్తుంది. మోకాళ్లు, ముక్కు, పిరుదుల పైభాగం, గిట్టల అంచులు, ఇవి పక్క గుర్రాలకు తగిలి ముందుగా రంగు పోయే చోట్లు. అక్కడ ఏ రాపిడీ లేకపోతే సంతోషించే ముందు, ఎవరైనా రంగు అద్దారేమో అడగండి.

అడగవలసిన ప్రశ్నలు కొన్నే. గుర్రం సమతలం మీద దానంతట అదే నిలబడుతుందా? ఎక్కడైనా మరమ్మతు గానీ, రంగు సరిచేయడం గానీ జరిగిందా? ఇంట్లో పొగ తాగేవారున్నారా? జిగటగా ఉందా, పుల్లటి వాసన వస్తోందా? పెట్టె, ధ్రువపత్రం ఉన్నాయా? ఆర్టిస్ట్ రెజిన్ అయితే ఎవరి శిల్పం, ఎన్నో కాపీ, ఎవరి దగ్గర కొన్నారు అనేవి తప్పక అడగాలి. శిల్పి అనుమతి లేకుండా దొంగ అచ్చు తీసి పోసిన కాపీలు తిరుగుతూ ఉంటాయి. వాటిని కొనడం ఆ శిల్పి శ్రమను దోచుకున్నవారికి డబ్బిచ్చినట్టే. వాటిని ప్రదర్శనలకు తీసుకురాకూడదు, తెలిసి తెలిసీ మరొకరికి అమ్మకూడదు.

పింగాణీ గుర్రమైతే కాళ్లూ చెవులూ విరిగి అతికించినవి తరచుగా కనిపిస్తాయి. మరమ్మతు చేసిన చోట పూసిన రంగు, జిగురు అతినీలలోహిత టార్చి వెలుగులో చుట్టూ ఉన్న మెరుపు పూత కంటే భిన్నంగా కనిపిస్తాయి. పగటి వెలుగులో నేర్పుగా కప్పిపుచ్చినది కూడా చాలాసార్లు ఈ చిన్న టార్చి ముందు దాగదు.

ఐదో మెట్టు: ధర, చెల్లింపు, ప్యాకింగ్

ప్రకటనల్లో కనిపించేది అమ్మేవారి ఆశ మాత్రమే. అదే అచ్చు, అదే రంగు, దగ్గరి స్థితిలో ఉన్న గుర్రం నిజంగా ఎంతకు అమ్ముడైందో చూడండి, ఈబేలో అమ్ముడైన వాటిని వేరుగా చూపే సదుపాయం ఉంది. రవాణా ఖర్చు, దేశం దాటితే కస్టమ్స్ సుంకం కలిపాకే ధరను పోల్చండి. పెట్టెడు గుర్రాలను ఒకేసారి అమ్మే చోట మీకు నిజంగా కావలసిన రెండు మూడింటికి మీరు ఇవ్వగల ధర ఎంతో లెక్కవేసి అక్కడితో ఆగండి. మిగతావి ఉచితంగా వస్తున్నట్టు అనిపిస్తాయి గానీ, అలమరలో చోటు, కడగడానికి పట్టే శ్రమ మీవే.

కొనుగోలుదారుకు రక్షణ ఉన్న పద్ధతిలోనే చెల్లించండి. బంధుమిత్రులకు డబ్బు పంపే, ఆ రక్షణ లేని పద్ధతిలో పంపమని ఒత్తిడి చేస్తే ఆ బేరం వదులుకోవడమే మేలు. ఖరీదైన గుర్రాలకు వాయిదాల్లో చెల్లించే ఒప్పందాలు ఈ అభిరుచి గలవారిలో మామూలే. అయితే చివరి తేదీ, బేరం ఆగిపోతే డబ్బు ఎంత తిరిగి వస్తుంది అన్నవి ముందే రాతపూర్వకంగా ఉండాలి.

ప్యాకింగ్ ఎలా చేయాలో అమ్మేవారికి ముందే చెప్పడంలో మొహమాటం వద్దు. ముందుగా రంగు దిగని మెత్తటి టిష్యూ కాగితం చుట్టాలి, కాళ్ల మధ్య, చెవుల చుట్టూ అదే కాగితం కూరాలి. బబుల్ ర్యాప్ ఆపైనే రావాలి, బుడగలు బయటి వైపుకు ఉండాలి, లేకపోతే వాటి గుర్తులు రంగు మీద పడతాయి. టేపు గుర్రాన్ని ఎక్కడా తాకకూడదు. వార్తాపత్రిక సిరా లేత రంగు గుర్రానికి అంటుకుంటుంది. పెట్టెను ఊపినప్పుడు లోపల ఏమీ కదలకూడదు.

ఆరో మెట్టు: పెట్టె విప్పడం, వేరుగా ఉంచడం

పెట్టె చల్లగా వచ్చినా, వేడెక్కి వచ్చినా గది ఉష్ణోగ్రతకు రానిచ్చి విప్పండి. విప్పుతున్నప్పుడు ఫొటోలు తీసుకోండి, దారిలో ఏదైనా విరిగితే అవే సాక్ష్యం. కింద మెత్తటి తువ్వాలు పరిచి, కాళ్లనో తోకనో కాకుండా పొట్ట దగ్గర పట్టుకుని ఎత్తండి. ప్రకటనలోని ఫొటోలతో ఒక్కొక్క భాగాన్ని పోల్చి చూడండి. తేడా ఉంటే అదే రోజు అమ్మేవారికి తెలియజేయండి.

తర్వాత గుర్రాన్ని మిగతావాటికి దూరంగా, గాలి ఆడే చోట, కనీసం రెండు మూడు వారాలు ఉంచండి. చాలామంది తొందరలో ఈ మెట్టు దాటేస్తారు గాని నా దృష్టిలో ఈ మార్గదర్శిలో ఇదే ముఖ్యమైనది. సెల్యులోజ్ అసిటేట్ కాలక్రమంలో, ముఖ్యంగా వేడి, తేమ తగిలితే, విచ్ఛిన్నమై అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం మరింత విచ్ఛిన్నానికి దారితీస్తుంది, కాబట్టి ఒకసారి మొదలైతే వేగం పెరుగుతూ పోతుంది. 1980ల చివర, 1990ల మొదట్లో తయారైన కొన్ని బ్రేయర్ గుర్రాల్లో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటి గుర్రం కుంచించుకుపోతుంది, డొక్కలు లోపలికి పోతాయి లేదా శరీరం ఉబ్బుతుంది, అతుకులు విడిపోతాయి, పైన జిగట చుక్కలు ఊరుతాయి. వెనిగర్ లాంటి వాసన దీని తొలి సంకేతం. గుర్రాన్ని మూతపెట్టిన పెట్టెలో ఒక రాత్రి ఉంచి, తెల్లారి మూత తీయగానే వాసన చూడండి. తెరిచి ఉన్న గదిలో తెలియనిది అప్పుడు తెలుస్తుంది.

ఈ వాసన ఉంటే ఆ గుర్రాన్ని బాగుచేసే మార్గం లేదు, వేగాన్ని తగ్గించడమే చేయగలం. చల్లటి, పొడి, గాలి వెళ్లే చోట ఒంటరిగా ఉంచండి. దాని నుంచి వచ్చే ఆవిరి మూసిన అలమరలో ఇతర అసిటేట్ గుర్రాలకు హాని చేస్తుంది, లోహపు కళ్లేలనూ బకిల్స్‌నూ తుప్పు పట్టిస్తుంది. పీవీసీ బొమ్మల సంగతి వేరు. వాటిని మెత్తగా ఉంచే ద్రవం కాలక్రమంలో పైకి ఊరి జిగటగా మారుతుంది, దానికి ఆనుకుని ఉన్న ప్లాస్టిక్‌నూ రంగునూ కరిగిస్తుంది. ఈ రెండు జాతులనూ ఒకదానికొకటి తగలనివ్వకండి.

ఏడో మెట్టు: శుభ్రం చేయడం

మొదట మెత్తటి మేకప్ బ్రష్‌తో పొడి దుమ్ము దులపండి. దుమ్ముతోనే తడి చేస్తే అది బురదై జూలు గాడుల్లో ఇరుక్కుంటుంది. తర్వాత గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు కడిగే సబ్బు ఒకటి రెండు చుక్కలు వేసి, మెత్తటి గుడ్డ ముంచి పిండి తుడవండి. చెవుల లోపల, జూలు మడతల్లో, గిట్టల కింద దూది చుట్టిన పుల్లలు పనికొస్తాయి. చాలా బ్రేయర్ గుర్రాలకు ముక్కు రంధ్రంలోనో నోటి మూలలోనో గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది కాబట్టి నీళ్లలో ముంచకండి, లోపలికి వెళ్లిన నీరు రోజుల తరబడి ఆరదు. పొరపాటున వెళితే మూతి కిందికి ఉండేలా ఆనించి పూర్తిగా కారనివ్వండి.

అసిటోన్, గోళ్ల రంగు తీసే ద్రవం దగ్గరికే రానివ్వకండి, అవి సెల్యులోజ్ అసిటేట్‌ను కరిగిస్తాయి. ఆల్కహాల్ రంగును లాగేయగలదు. మరకలు తీసే తెల్లటి మెలమిన్ స్పాంజి మెత్తగా కనిపించినా నిజానికి సన్నని గరుకు కాగితంలా పని చేసి, మెరుపు తగ్గిన పూత మీద మెరిసే మచ్చలు వదులుతుంది. గుర్రం మీద వేరే బొమ్మ రంగు అంటుకుని ఉంటే దాన్ని గీకేముందు అడుగున కనిపించని చోట ప్రయత్నించి చూడండి. పొగాకు వాసన పోవాలంటే మూత ఉన్న పెట్టెలో గుర్రాన్నీ, వేరే గిన్నెలో వంట సోడానూ పెట్టి కొన్ని రోజులు ఉంచండి, సోడా గుర్రాన్ని తాకనక్కరలేదు.

ఎనిమిదో మెట్టు: ఎంతవరకు సరిచేయాలి

తెల్ల గుర్రాలకు పట్టే పసుపును చాలామంది ఎండలో పెట్టి తగ్గిస్తారు. ఎండ వేడి తక్కువగా ఉండే పూట, కొన్ని గంటలకోసారి తిప్పుతూ, కొన్ని రోజుల పాటు చేస్తే ఫలితం కనిపిస్తుంది. ఒకవైపే పెడితే ఒకవైపే తెల్లబడుతుంది. ఈ వైద్యం రంగు పూసిన గుర్రాలకు వద్దు, రంగు వెలిసిపోతుంది. మూసి ఉన్న కారులో, వేడెక్కే ఇనుప గ్రిల్ పక్కన పెడితే కాళ్లు వంగిపోతాయి.

వంగి ఒరిగిన కాలిని సరిచేయడానికి ఆ కాలిని మాత్రమే వేడి నీళ్లలో కాసేపు ఉంచి, మెత్తబడ్డాక మెల్లగా సరైన స్థానానికి తెచ్చి, అలాగే పట్టుకుని చల్లటి నీళ్లలో ముంచుతారు. నీళ్లు మరుగుతూ ఉండకూడదు, ఒకేసారి ఎక్కువ వంచకూడదు. మొదటిసారి ప్రయత్నించేవారు తక్కువ ఖరీదు ‘బాడీ’ మీద చేయి అలవాటు చేసుకోవడం మంచిది. చాకీ గుర్రాల మీద, నిగనిగలాడే పూత ఉన్న పాత గుర్రాల మీద ఈ పని చేయకపోవడమే మేలని నా అభిప్రాయం.

రాపిడి పడిన చోట రంగు అద్దాలనే కోరిక ఎవరికైనా కలుగుతుంది. ఒరిజినల్ ఫినిష్ గుర్రానికి మాత్రం ఆ పని చేయకండి. ఫ్యాక్టరీ రంగులో ఉన్న నిజమైన గీత, దాన్ని దాచిన కొత్త రంగు కంటే విలువైనది. అద్దినచోట రంగు కొన్నేళ్లకు వేరే ఛాయలోకి తిరిగి మరింత ఎత్తి చూపుతుంది. అంతకుముందు ఎవరో చేసినట్టు తెలిస్తే దాన్ని రాసి పెట్టుకోండి, మీరు అమ్మే రోజున కొనేవారికి చెప్పండి.

తొమ్మిదో మెట్టు: అలమరలో చోటు, నమోదు పుస్తకం

అలమరలో గుర్రాలు ఒకదానికొకటి తగలకూడదు, తగిలిన చోటే రంగు పోతుంది. వెనక వరుసలోని గుర్రం ముందుకు పడితే వరుసంతా పడుతుంది కాబట్టి, సరిగా నిలబడని గుర్రాన్ని వెనక వరుసలో గోడకు ఆనించే బదులు అడుగు అరలో ముందు వైపు ఉంచండి. నేరుగా ఎండ పడే కిటికీ, వేడి వెదజల్లే దీపం, తేమ పట్టే గోడ, ఈ మూడింటికీ దూరంగా ఉండాలి. దాచిపెట్టేటప్పుడు ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టకుండా టిష్యూ కాగితం చుట్టి గాలి ఆడే పెట్టెలో పెట్టండి. రబ్బరు బ్యాండు ఎప్పుడూ చుట్టకండి, అది గట్టిపడి మరక వదులుతుంది.

నమోదు పుస్తకంలో ప్రతి గుర్రానికీ ఒక సంఖ్య ఇచ్చి అచ్చు పేరు, రంగు, ముద్ర, కొన్న తేదీ, ఎవరి దగ్గర, ఎంతకు, వచ్చిన రోజున ఉన్న లోపాలు, మీరు చేసిన శుభ్రత రాయండి. సంఖ్య రాసిన చీటీని గుర్రానికి అంటించకుండా దారంతో కాలికి వదులుగా కట్టండి, లేదా పెట్టె మీద రాయండి. ఐదు ఫొటోలు జత చేయండి: రెండు పక్కలు, ముందు, వెనక, పొట్ట. ఆరు నెలలకోసారి ఆ ఫొటోలు పక్కన పెట్టుకుని సెల్యులోజ్ అసిటేట్ గుర్రాలను మళ్లీ పరిశీలించండి. అతుకు గీత కొత్తగా తెరుచుకుందా, డొక్క ఆకారం మారిందా, వెనిగర్ వాసన మొదలైందా అన్నది జ్ఞాపకం మీద ఆధారపడితే తెలియదు, పాత ఫొటోతో పోలిస్తేనే తెలుస్తుంది. అనుమానం కలిగిన గుర్రాన్ని అదే రోజు అలమర నుంచి తీసి ఆరో మెట్టులో చెప్పిన చోటికి మార్చండి.